మా గుమ్మం ముందు అన్న జీపు

జీపు కొన్నది మా అన్న. అది నిలబడింది మాత్రం మదనపల్లెలో నా గుమ్మం ముందు. నిలబడింది అనడం కూడా మర్యాద కోసమే. టైర్లలో గాలి లేక ఒక పక్కకు ఒరిగి, కింద చమురు కారుస్తూ, నేను పొద్దున్నే వేసిన ముగ్గు మీద నల్లటి మచ్చలు పెడుతూ నెలల తరబడి పడి ఉండేది. నేను అద్దెకుంటున్న ఇంటి ఓనరమ్మ రోజూ మేడ మీద నుంచి తొంగి చూసి, "ఇంకా పోలేదా ఇది?" అని అడిగేది. ఏం చెప్పమంటారు? పోయే ఓపిక దానికుంటే కదా!

తిట్టడం మొదలుపెట్టే ముందు, ఆ జీపు ఎందుకు కావలసి వచ్చిందో చెప్పాలి. లేకపోతే అన్న మీద నాకేదో పగ ఉందనుకుంటారు.

అన్నకు పుంగనూరు అవతల గుట్ట పక్కన కాస్త మెట్ట భూమి, ఏడెనిమిది ఆవులు ఉన్నాయి. ఇల్లూ కొట్టమూ అక్కడే. తారు రోడ్డుకు రావాలంటే ఒక వంక, అంటే చిన్న వాగు, దాటాలి, వంకకు ఇటూ అటూ రాళ్ల దోవ. ఆటోవాళ్లు ఆ దోవను చూసి ఓ దండం పెట్టి వెనక్కి తిరుగుతారు. పాల వ్యాను రోడ్డు మీదే ఆగుతుంది. బైకుకు రెండు పక్కలా క్యాన్లు తగిలించుకుని అన్న ఏళ్ల తరబడి ఆ దోవలో దిగాడు. పోయిన వానల్లో వంకలో బండి జారి ఎడమ కాలు విరిగింది. లోపల రాడ్డు వేశారు. గాయం మానింది, కర్ర లేకుండా నడుస్తున్నాడు కూడా, కానీ ఆ కాలు మీద బైకు నిలబెట్టడం ఇక కుదరలేదు. అప్పటి నుంచి వదినే పాల క్యాను నెత్తిన పెట్టుకుని వంక దాటుతోంది.

ఒకరోజు వదిన మా ఇంటికొచ్చి కూర్చుంది. అన్న కూడా పక్కనే ఉన్నాడు.

"నా మెడ నరాలు పట్టుకపోతాండాయి పాపా. ఉగాది దాంక సూస్తా. ఏదో ఒక బండి వస్తే సరి. లేదంటే ఆవుల్ని అమ్మేసి ఈడికే వచ్చేస్తాం. నేను యాడన్నా హోటల్లో పిండి రుబ్బతా" అంది.

అన్నంత పనీ చేసింది. పండగ మరుసటి రోజు ఆవుల్ని చూడడానికి రమ్మని గొడ్ల దళారికి నా ఫోన్ నుంచే చెప్పింది. అతని నంబరు కూడా నా ఫోన్లోనే వేయించింది. అన్న చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లిపోయాడు. ఆవులు లేకపోతే మా అన్న మనిషి కాడు. మదనపల్లెలో ఇరుకు గదిలో గోడవైపు చూస్తూ కూర్చునే అన్నను నేను చూడలేను.

బండి అంటే అన్న బుర్రలోకి వచ్చేది జీపు ఒక్కటే. పెళ్లయిన కొత్తలో పుంగనూరు, రామసముద్రం మధ్య షేర్ జీపు తోలేవాడు. ఆ జీపుల్లో ఎక్కినవాళ్లకు తెలుసు, ముందు సీట్లోనే డ్రైవరుతో కలిపి నలుగురైదుగురు. గేరు రాడ్డుకు అటో కాలు ఇటో కాలు వేసుకుని ఒకరు ఇరుక్కుంటే, వాళ్ల మోకాలు తప్పించి డ్రైవరు గేరు మార్చేవాడు. ఆటోలు వచ్చాక జీపులెక్కే వాళ్లు లేక తన జీపు అమ్మేశాడు. ఆ ధ్యాస మాత్రం వదల్లేదు.

కుప్పం దగ్గర మూతబడిన ఒక రాతి క్వారీలో పాత జీపు ఉందని ఎవరో చెప్పారట. బేరమాడడానికి నన్ను తీసుకెళ్లాడు. నోరు పెద్దదని నాకా గౌరవం. వెళ్లి చూస్తే ఏముంది? వెనక సీట్లో కోడి పొదిగింది. పై కప్పు లేదు. బానెట్టు తీస్తే లోపల ఎలుక గూడు. కావలి మనిషి సగం తమిళం, సగం తెలుగు కలిపి ఇంజను గురించి గొప్పలు చెబుతున్నాడు. "వద్దునా, ఇది జీపు కాదు, కోళ్లగూడు" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. అన్న డ్రైవరు సీట్లోకి ఎక్కి కూర్చున్నాడు. స్టీరింగు పట్టుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు. దిగేటప్పటికి మొహమంతా చెమట. సంతోషం కాబోలు అనుకున్నాను.

"కొందాం పాపా" అన్నాడు.

ఒక ఆవును అమ్మి కొన్నాడు. ఖాళీగా వస్తున్న లారీలో ఎక్కించి మదనపల్లెకు తెచ్చాడు. మా వీధి చివర తెలిసిన మెకానిక్ షెడ్డు ఉంది. ఆ షెడ్డు ముందు ఎప్పుడు చూసినా టమాటా లారీలే, జీపుకు చోటు లేదు. అందుకని పని లేనప్పుడు దాన్ని తోసుకొచ్చి నా గుమ్మం ముందు వదిలేసేవారు. పని లేనప్పుడంటే ఇంచుమించు ఎప్పుడూ. మెకానిక్ మంచివాడే, కానీ "రేపు చేస్తానక్కా" అనే మాట తప్ప అతని నోట ఇంకోటి రాదు.

చేతిలో డబ్బు ఆడదు కాబట్టి అన్నీ వాడిన సామాన్లే. పుంగనూరు పాత ఇనుము అంగట్లో దొరికిన రేడియేటరు తెచ్చి బిగిస్తే అది కారింది. కారకుండా అందులో పసుపు వేయాలట! అన్న వంటింట్లోకి వచ్చి నా పసుపు డబ్బా ఎత్తుకుపోయాడు. డీజిలు ట్యాంకుకు చిల్లి కనబడితే నా బట్టల సబ్బు తీసుకెళ్లి మెత్తేశాడు. పై కప్పుకు లారీవాళ్లు పారేసిన టార్పాలిన్. ముందు సీటుకు పాత బస్సులోంచి పీకిన ఒకటే పొడుగు సీటు. "రెండు విడి సీట్లు పెట్టించచ్చు గదనా" అంటే, "మీ వదినా, నువ్వూ కూచోవాల గదా" అన్నాడు. నన్ను ఆ బండి ఎక్కించే ఆశ కూడా ఉందన్నమాట! వంటింట్లోంచి ఇంకేం పోతాయోనని డబ్బాలు అటకెక్కించాను.

ఇంజను మొదటిసారి పలికిన రోజు వీధంతా నల్లటి పొగ. ఓనరమ్మ ఆరేసిన బట్టలు మళ్లీ ఉతుక్కుంది. అయినా నేను సంతోషించాను, ఇక పీడ వదిలింది కదా అని. ఎక్కడ వదిలింది! అన్న తోలి చూడలేదు. మెకానిక్కే వీధి చివరి దాకా తోలుకెళ్లి తెచ్చాడు.

"క్లచ్ ఇంకా రోంత లూజు చెయ్యప్పా" అన్నాడు అన్న.

"చేసినాను గదన్నా."

"ఇంకా రోంత."

"ఇంతకంటే చేస్తే గేరు పడదన్నా. నువ్వు డ్రైవరువే గదా, తెలీదా?" అని మెకానిక్ నా వైపు చూసి తల కొట్టుకున్నాడు. నేనూ కొట్టుకున్నాను.

అక్కడి నుంచి నా తలప్రాణం తోకకొచ్చింది. గేర్ బాక్సులో చప్పుడు వస్తోందన్నాడు, విప్పారు, బిగించారు. అద్దం వదులుగా ఉందన్నాడు. హారను సన్నగా పలుకుతోందన్నాడు. ఆ గుట్ట మీద హారను విని పక్కకు జరిగేదెవరు, తొండలా? ప్రతిసారీ "ఇంకొక్కటి ఉండాది పాపా, అదైపోతే పోతా" అనేవాడు. వారంలో రెండు మూడు రోజులు నా ఇంట్లోనే మకాం. అక్కడ వదిన ఒక్కతే పాలు పిండి, ఒక్కతే మోస్తోంది. ఇక్కడ ఈయన హారను రాగం సరిచేయిస్తున్నాడు.

ఇది చాలదన్నట్టు పొద్దున్నే ఇంకో గోల. నేను ముగ్గు వేస్తుంటే జీపులోంచి కిర్రు, కిర్రు అని ఒకటే చప్పుడు. తొంగి చూస్తే అన్న ఇంజను ఆన్ చేయకుండా సీట్లో కూర్చుని ఉండేవాడు. "ఏంనా అది?" అంటే, "పెడలు కిర్రుమంటాంది, గ్రీజు ఆడాలని తొక్కుతాండా" అనేవాడు. ఓనరమ్మ నిద్ర చెడుతోందని నన్ను నిలదీసింది. నేను పోయి అన్నను నిలదీశాను. మర్నాడు మళ్లీ అదే కిర్రు.

ఉగాది వారంలోకి వచ్చింది. మెకానిక్ తాళం తెచ్చి నా చేతిలో పెట్టి, "అక్కా, నీకో దండం. ఇంక దీంట్లో చేసేదేం లేదు. తీసకపోమను" అని వెళ్లిపోయాడు. లోపలికి పోయి చెబితే అన్న, "వైపరు సరిగా తిరగలేదు..." అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "వైపరా? అద్దం మీద వాన పడి ఎన్నాళ్లయింది? లేయ్! లేచి ఎక్కు! ఇప్పుడే స్టార్ట్ చేసి నా కళ్ల ముందర వీధి దాటించు. అది చూసేదాకా నేను ఆఫీసుకు కూడా పోను" అని రెక్క పట్టుకుని తీసుకొచ్చాను.

ఎక్కాడు. ఎడమ కాలిని చేత్తో ఎత్తి క్లచ్ పెడలు మీద పెట్టుకున్నాడు. తొక్కాడు. పెడలు సగం దాకా దిగి ఆగిపోయింది. కాలు వణుకుతోంది. రెండు చేతులతో మోకాలి మీద అదిమి మళ్లీ తొక్కాడు. నుదుటి మీద చెమట పట్టింది. కుప్పంలో పట్టిన చెమటే.

"ఆ పొద్దు కుప్పంలో కూచున్నప్పుడే తెలిసింది పాపా" అన్నాడు, నా మొహం చూడకుండా.

"తెలిసి యాల కొన్నావునా?"

"కొనకుంటే మీ వదిన ఉగాదికి ఆవుల్ని అమ్మేస్తాది గదా. రిపేరు అయ్యేలోపల కాలికి బలం వస్తాదిలే అనుకుంటి. రోజూ తొక్కి తొక్కి సూస్తాండా. మొదట్లో ఈ మాత్రం కూడా దిగేది కాదు."

హారను, అద్దం, వైపరు, గేర్ బాక్సు, అన్నీ నాకప్పుడు అర్థమయ్యాయి. బండి బాగైన రోజే తన కాలు బాగు కాలేదని అందరికీ తెలిసిపోతుంది. పొద్దున్నే నేను తిట్టిన ఆ కిర్రు చప్పుడు కూడా అర్థమైంది. జాలిపడాల్సిన చోట కూడా నాకు కోపమే వస్తుంది, నా పుట్టుకే అంత.

"నాకన్నా చెప్పకూడదా?" అని అరిచాను.

"చెప్తే నీకు కోపం వస్తాదని..."

"ఇప్పుడు రాలేదా!"

ఓనరమ్మ మేడ మీద నుంచి వింటోంది. విననీ అనుకున్నాను. అన్న మాత్రం, "మీ వదినకి చెప్పద్దు పాపా" అన్నాడు. చెప్పక ఆ జీపును కొంగులో దాచిపెట్టాలా?

ఉగాదికి ముందు ఆదివారం మెకానిక్కే తోలుతానన్నాడు, గుమ్మం ముందు నుంచి కదిలితే చాలని నేనూ సరేనన్నాను. ముగ్గురం పుంగనూరు దాటాం. తారు రోడ్డు వదిలి రాళ్ల దోవ మొదలయ్యే చోట వదిన ఎదురుచూస్తోంది. వ్యానుకు పాలు పోసేసి ఖాళీ క్యాన్లు పక్కన పెట్టుకుంది. చేతిలో పసుపు, కుంకుమ, నిమ్మకాయలు. షెడ్డులో లారీ పని ఉందని మెకానిక్ అటు వచ్చిన బస్సెక్కి వెళ్లిపోయాడు. వదిన బానెట్టుకు బొట్లు పెట్టి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, "ఊఁ, ఎక్కు, పోనీ" అంది.

అన్న స్టీరింగు దగ్గర కూర్చుని అద్దం సర్దడం మొదలుపెట్టాడు. అటు తిప్పుతాడు, ఇటు తిప్పుతాడు. నాకిక ఆగలేదు. "జరుగునా" అని షేర్ జీపులో ఎక్కినట్టు గేరు రాడ్డుకు అటో కాలు ఇటో కాలు వేసుకుని అన్న పక్కన ఇరుక్కున్నాను. "నువ్వు గేరు చూసుకో. క్లచ్ నేను తొక్కుతా" అన్నాను. వదినకు ఏం చెప్పాలో తర్వాత ఆలోచిద్దామనుకున్నాను.

తొక్కాను. అన్న గేరు వేశాడు. వదిలాను. బండి ఉన్నచోటే గుర్రంలా ఎగిరి ఆగిపోయింది. "మెల్లగా వదలమే!" అన్నాడు. మళ్లీ తొక్కాను, మళ్లీ ఆగింది. "నీకు చెప్పడం రాదు!" అని నేను, "నీకు వినడం రాదు!" అని అన్న. టైర్ల కింద నిమ్మకాయల్లో ఒక్కటీ నలగలేదు.

"దిగు పాపా. వెనక కూచో" అంది వదిన.

దిగాను. వదిన చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని ఎక్కి, నేను కూర్చున్న చోటే కూర్చుంది. అన్న కాలిని రెండు చేతులతో పట్టుకుని పక్కకు జరిపి, తన కాలు పెడలు మీద పెట్టింది.

"ఎప్పుడు తొక్కాలో ఎప్పుడు వదలాలో చెప్పప్పా. అరిస్తే మాత్రం దిగిపోతా" అంది.

అన్న అద్దం వదిలేసి వదిన వైపు తిరిగాడు.

"నీకు తెలుసా వదినా?" అన్నాను.

"రోజూ ఆ కాలికి నూనె పూసేది ఎవరనుకున్నావు? దాంట్లో బలం ఎంతుండాదో నాకు తెలీదా?"

"మరి తెలిసీ యాల ఊరుకున్నావు?"

"ఆవుల్ని అమ్మాలని నాకు మాత్రం ఉండాదా ఏంది?"

అంటే వీళ్లిద్దరికీ తెలుసు. తెలియనిది నాకొక్కదానికే. నా పసుపు, నా సబ్బు, నా ముగ్గు, ఓనరమ్మతో నేను పడ్డ మాటలు! వెనక ఖాళీ క్యాన్ల మధ్య కూర్చుని ఇద్దర్నీ కలిపి తిట్టాను. వాళ్లు వినడం లేదు. "తొక్కు" అన్నాడు అన్న, మెల్లగా. తొక్కింది. గేరు పడింది. "వదులు, వదులు, రోంత రోంతగా" అన్నాడు. నిమ్మకాయలు చితికాయి. క్యాన్లు ఒకదానికొకటి కొట్టుకుంటుంటే జీపు రాళ్ల మీద ఊగుతూ వంకలోకి దిగింది. ఒక చోట ఇసుకలో చక్రం గిర్రున తిరిగింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు కేకలేసుకున్నారు. వదిన దిగిపోలేదు. ముందు చక్రాలు అవతలి గట్టు పట్టుకున్నాయి, ఆ వెనకే మేమూ ఎక్కేశాం.

గట్టు మీద వదిన పెడలు మీది కాలు తీయకుండానే వెనక్కి తిరిగింది. మొహమంతా దుమ్ము.

"పాపా, ఆ దళారికి ఫోన్ చెయ్యి. రావద్దని చెప్పు" అంది.