అమ్మ ఇంట్లో లేని ఒక్క పూట

కర్పూరం వేసి కాచిన నువ్వుల నూనె వాసన ఈ మధ్య నా చీరలకూ, తలగడకూ, చివరికి తాగే చాయికి కూడా పట్టేసింది. పక్షవాతంతో మంచాన పడ్డ మా ఆయన కాళ్లకు పొద్దుటా సాయంత్రం ఆ నూనెతోనే మర్దన చేస్తుంటాను. ఆ వాసన తగిలితే చాలు, జహీరాబాద్‌లోని మా పుట్టింటి నడిమింట్లోకి వెళ్లిపోతాను. అక్కడ మంచం మీద నాయనమ్మ, మంచం పక్కన అదే నూనె గిన్నెతో అమ్మ.

నాయనమ్మ తుంటి విరిగి మంచం పట్టేనాటికి నేను బడికి పోయే పిల్లను. కొడుకు పెట్టినా, బిడ్డ పెట్టినా ముసలమ్మ తినేది కాదు, కోడలే పెట్టాలి. అమ్మ తెల్లారకముందే పొయ్యి వెలిగించి, జొన్నరొట్టెలు తట్టి, మాకందరికీ పెనం మీది వేడివేడి రొట్టెలు వేసి, నాయనమ్మకు పాలలో నానబెట్టి తినిపించి, పక్కబట్టలు ఉతికి ఆరేసి వచ్చేసరికి, తనకు మిగిలిన రొట్టె అట్టముక్కలా ఎండిపోయేది. చూడవచ్చిన చుట్టాలు “గిసొంటి కోడలు ఎవరికి దొర్కుతది!” అని పొగిడి, చాయి తాగి వెళ్లిపోయేవారు. పొగడ్డానికేం, నోరుంటే చాలు. ఒక్కరన్నా ఆ దుప్పటి పిండారా!

మేమంతా ఖాలా అని, అంటే పిన్ని అని, పిలిచే పక్కింటామె మాత్రం పొగిడేది కాదు. వచ్చేది. శుక్రవారం జుమ్మా నమాజు నుంచి వచ్చిన మగవాళ్లకు అన్నాలు పెట్టి, పాన్ నములుకుంటూ వచ్చి, నాయనమ్మ మంచం పక్కన పీట వేసుకుని “నువ్వు పో బేటీ, జర నడుం వాల్చు. నేనున్న గద, ఫికర్ చెయ్యకు” అనేది. అమ్మ తలకు పోసుకుని వంటింటి బండల మీద అట్లాగే ఒరిగిపోయేది. లేచాక ఆమె వేరే మనిషి. మాకు జడలు వేస్తూ నవ్వేది, మా తగవులు వినేది.

చలికాలంలో చేల పండుగ ఎళ్ల అమావాస్య వస్తే మా వైపు ఇళ్లలో ఎవరూ ఉండరు, అంతా చేలలోనే. మా చేను న్యాల్‌కల్ దారిలో ఉండేది. మంచుకు తడిసిన శనగ చేను, జొన్న చొప్పతో కట్టిన చిన్న గుడిసె ముందు పూజ, నువ్వులద్దిన సజ్జరొట్టెలు, పచ్చి కందులూ అనపగింజలూ ఆకుకూరలూ కలిపి ఉడికించిన బజ్జి, కుండలో పుల్లటి అంబలి, కుసుమ ముళ్లు గీరుకున్న కాళ్లతో మా పరుగులు. ఆ ఏడు ఖాలా పట్టుబట్టి నాయనమ్మ దగ్గర కూర్చుని అమ్మను కూడా పంపింది. గట్టు మీద కూర్చుని అందరితో పాటు తింటున్న అమ్మను అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడే మా మేనత్త, నాయన అక్క, ముందు మా ఇంటికి పోయి ఖాలాను చూసి, అటునుంచి చేనికి వచ్చి బండి దిగింది. “ఏమే, మా అమ్మను పరాయోళ్లకు ఒప్పజెప్పి, నువ్వీడ బజ్జి తినుకుంట కూసున్నవా?” అంది, నలుగురూ వినేటట్టు. అమ్మ ముద్ద కింద పెట్టేసి, లేచి ఇంటిదారి పట్టింది. నాయన తల వంచుకుని తింటూనే ఉన్నాడు.

తర్వాతి శుక్రవారం ఖాలా వస్తే అమ్మ గుమ్మంలోనే ఆపి “వద్దు ఖాలా, నేనే చూస్కుంట” అంది. ఖాలా ఇంకోసారి వచ్చింది, ఆపైన మానేసింది. అమ్మ అరికాల్లో లేచిన పుండు ఎంతకీ మానేది కాదు, కడవ నీళ్లు తాగినా దాహం తీరేది కాదు. దవాఖానకు పోదామని నాయన అంటే “అత్తమ్మకు ఎవరు పెడ్తరు?” అనేది. ఒక ఎండాకాలం బట్టల బండ దగ్గర కూలబడింది, మళ్లీ లేవలేదు. షుగరు ఎన్నాళ్లుగానో లోపల తినేస్తూ వచ్చిందన్నాడు డాక్టరు.

అమ్మను సాగనంపిన మర్నాడు నాయనమ్మ “కోడలేది? ఆకలైతుంది” అంది. మేనత్త ఏడుస్తూ ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే పెదాలు బిగబట్టుకుంది. నాకు మేనత్త మీద కన్నా, చేలో ఆమె అన్న మాటకు లొంగిపోయిన అమ్మ మీదే కోపం. ఇప్పటికీ.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఖాలా లేదు. పిలవకుండా వచ్చి పీట వేసుకునే మనుషులు పోయి, ఫోన్లో పొగిడేవాళ్లు మిగిలారు. మొన్న మా ఆడబిడ్డ హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి “నువ్వు దేవతవు వదినా, నీ పానం గూడ జర చూస్కో” అంది. ఒళ్లు మండింది. “దేవతను కాను. ఆదివారం వచ్చి మీ అన్న దగ్గర కూసో, నేను పండుకుంట” అన్నాను. “చూస్త వదినా” అని పెట్టేసింది.

ఆదివారం ఆమె రాలేదు. మధ్యాహ్నం మా ఆయనకు అందేట్టు నీళ్లు పెట్టి, “జర సేపు పిలువకుండ్రి, పండుకుంట” అని చెప్పాను. మాట సరిగా రాని మనిషి, తల ఊపాడు. పక్క గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసి పడుకున్నాను. ఏదో తప్పు చేస్తున్నట్టు అవతలి గది చప్పుళ్లకే చెవి ఒగ్గాను. నిద్ర రాలేదు. అయినా లేవలేదు.