అమ్మకు దొరికిన చీకటి

నా చిన్నప్పుడు మా ఇంట్లో చీకటిగా, చల్లగా ఉండే చోటు ఒక్కటే. పశువుల కొట్టం వెనకాల తాటాకు పాక. నెలసరి వచ్చిన ఆడవాళ్ళు ఆ రోజులన్నీ అందులోనే గడపాలి. వంట ముట్టుకోకూడదు, దేవుడి గూటి వైపు రాకూడదు. కొత్తగూడెం దాటి భద్రాచలం వెళ్ళే దారిలో, అడవి అంచున ఉండేది మా ఊరు.

అమ్మకు నెలనెలా ఒంటి తలనొప్పి వచ్చేది. కుడి కణతలో మొదలై కంటి వెనక్కి పాకేది. వెలుతురు చూడలేకపోయేది. తాగిన మంచినీళ్ళు కూడా కక్కేసేది. నెలసరికి ఒకటి రెండు రోజుల ముందే పట్టుకునేది ఆ నొప్పి. అంటే, పాకలోకి వెళ్ళడానికి ఇంకా వీల్లేని రోజుల్లో. కల్లం నిండా మిరపకాయలు పరిచి ఉండేవి. ఆ ఎండలో, ఆ ఘాటులో కూర్చుని, తెల్లబారిన తాలు కాయలు ఏరాలి.

"పనన్నప్పుడే నొస్తదేందమ్మా నీ తలకాయ? మాకు లేవా తలకాయలు?" అనేది మా నాయనమ్మ. పక్కన ఏరుతున్న ఆడకూలీలు నవ్వేవాళ్ళు. అమ్మ కూడా నవ్వబోయేది, కళ్ళు మాత్రం తెరవలేక.

ఉపాయం చెప్పింది పక్కింటి అక్క. ఒకనాడు అమ్మ కొట్టం గోడకు తల ఆనించి నిలబడి ఉంటే దగ్గరికొచ్చి, "తలకాయ నొస్తుందంటే ఎవరింటరు వదినా? బయట చేరిన్నని చెప్పు. ఎవ్వరూ నిన్ను పిలువరు" అంది. అబద్ధం కదా అంది అమ్మ. "రేపో ఎల్లుండో ఎట్లాగూ అయ్యేదే గదా. ఒక దినం ముందు చెప్తే దేవుడేమన్న గుర్తు పెట్టుకుంటడా?" అని నవ్వింది అక్క. అమ్మ కొంగు పట్టుకుని నేను అక్కడే ఉన్నాను.

ఆ ఏడు శ్రీరామనవమికి ఊరివాళ్ళు లారీ మాట్లాడుకున్నారు. భద్రాచలం అంత దగ్గరున్నా అమ్మ ఒక్కసారి కూడా కల్యాణం చూడలేదు. ఏటా ఏదో ఒకటి అడ్డం పడేది. ఈసారి ఆకుపచ్చ చీర ఉతికి, మడతపెట్టి, ముందే దండెం మీద పెట్టుకుంది. సరిగ్గా ప్రయాణం ముందునాడు పొద్దున్నే నొప్పి మొదలైంది. లారీలో వచ్చేవాళ్ళందరికీ పులిహోర కలపాలి, గారెలు వేయాలి. అమ్మ పొయ్యి ముందు కూర్చుంది. నూనె కాగింది. పొగ కళ్ళలోకి వచ్చింది. రెండు చేతులతో తల పట్టుకుని కాసేపు కదలలేదు. తర్వాత లేచి, "అత్తమ్మా, నేను బయట చేరిన" అంది.

"దూరం జరుగు" అని నాయనమ్మ తనే వచ్చి గరిటె అందుకుంది. ఇంకొక్క మాట అడగలేదు. తలనొప్పిని ఏ నెలా నమ్మని మనిషి మైలను ఆ క్షణంలోనే నమ్మింది. అమ్మ పాకలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆకుపచ్చ చీర దండెం మీదే ఉండిపోయింది.

మర్నాడు కల్యాణం చూసి సాయంత్రానికి తిరిగొచ్చాం. నాయనమ్మ కొంగున కట్టి తెచ్చిన తలంబ్రాలు ఇంట్లో అందరికీ పంచింది. నా వంతు పట్టుకుని పాక దగ్గరికి వెళ్ళాను. అమ్మకు నొప్పి తగ్గినట్టుంది, గడప దగ్గర కూర్చుని ఉంది. "ఎట్ల జరిగిందే?" అని అడిగింది. చెప్పకుండా నా అరచెయ్యి చాపాను. ఆమె చెయ్యి సగం దూరం వచ్చి ఆగింది.

"వద్దులేవే. బయటున్నగా."

"అది అబద్ధమేగా అమ్మా" అన్నాను గుసగుసగా.

"చెప్పినంక చెప్పినట్టే ఉండాలె."

పెళ్ళయ్యాక కొత్తగూడెంలో కాపురం. ఏడో తరగతితో నా బడి ముగిసినా, అక్కడి గ్రంథాలయం నాకు రెండో బడి అయింది. తెలుగులో ఉన్న ఆరోగ్య పుస్తకాలన్నీ చదివాను. నెలసరి దగ్గరపడినప్పుడు ఒంటి తలనొప్పి రావడం ఆడవాళ్ళలో చాలా మామూలనీ, అది సాకు కాదు, ఒంట్లో జరిగే మార్పనీ ఒకదాంట్లో ఉంది. ఆ పుస్తకం ఇంటికి తెచ్చి, మమ్మల్ని చూడడానికి వచ్చిన అమ్మకు గర్వంగా చదివి వినిపించాను. అప్పటికి ఆమెకు ముట్లుడిగి చాలా కాలమైంది.

"అందరికీ ఉంటదా?" అంది. పుస్తకం వైపు వంగి చూసి, "మరి ఎవ్వరూ చెప్పలేదేందే" అంది.

తర్వాత తనే అంది. "నేను కాపురానికొచ్చిన కొత్తల మీ నాయనమ్మ గూడ నెలనెలా తలకు గుడ్డ బిగించి కట్టుకుని మిరపకాయలేరేది. ఎందుకత్తమ్మా అంటే ఎండకని చెప్పింది."

పుస్తకం మూసేశాను. అందులో లేని సంగతి అది. నాయనమ్మ అప్పటికే పోయింది.

ఇప్పటికీ మిరప కల్లాల పక్కగా వెళ్ళేటప్పుడు, నుదుటికి గుడ్డ బిగించి కట్టుకున్న ఆడమనిషి కనబడితే ఆగుతాను. ఎండకేనా అమ్మా అని అడుగుతాను. చాలామంది అవునంటారు.