బావ గీయని గీత

బావ చొక్కా జేబులో ఎప్పుడూ ఒక ఊదారంగు పెన్సిల్ ఉండేది. పొడిగా రాస్తే బూడిదరంగులో పడుతుంది. నాలుక మీద తడిచేసి రాస్తే సిరాలా దిగి, సబ్బుకు కూడా ఒక పట్టాన లొంగదు. ఆ పెన్సిల్‌తో బావ కాగితాల మీద రాయడం నేను ఎప్పుడో గాని చూడలేదు. తను రాసేది మనుషుల నుదుటి మీద.

బావ పోయి నెల కావస్తోంది. మొన్న అక్క బీరువా సర్దుతూ, "ప్రెస్సులో ఊళ్ళోవాళ్ళ రాతలన్నీ దిద్దుతావు కదరా. మీ బావ గురించి నాలుగు ముక్కలు రాయడానికి చేతులు రావట్లేదా?" అంది. అందుకే కూర్చున్నాను.

యుద్ధంలో బావ పారాచూట్ దళంలో పనిచేశాడు. చేతిలో తుపాకీ ఉండేది కాదు, కాలికి కట్టుకున్న మందుల సంచి ఉండేది. విమానంలోంచి అందరితో పాటు దూకాలి. నేల దగ్గరపడుతుండగా తాడు వదిలితే సంచి ముందు దిగుతుంది, వెనకాల మనిషి. కిందపడి తన ఎముకలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకునేలోపే ఎవరో ఒకరు పిలుస్తారు.

"భయం వేసేది కాదా బావా?" అని నేను అడిగితే నవ్వేవాడు.

"వేయకపోవడమేంట్రా! తలుపు దగ్గర నిలబడితే కాళ్ళు నావి కావేమో అనిపించేది. కానీ వెనకవాడు తోసేస్తాడుగా. నా పెళ్ళీ అలాగే అయింది."

వంటగదిలోంచి అక్క గొంతు వచ్చేది. "ఎవడు తోశాడో పేరు చెప్పండి. వాడి సంగతి నేను చూసుకుంటాను."

నుదుటి మీద రాయడం అక్కడ నేర్చుకున్నదే. నొప్పి తెలియకుండా సూది మందు ఇస్తే, ఇచ్చిన వేళ ఎంతో నుదుట రాయాలి. లేకపోతే వెనక వచ్చే డాక్టరు తెలియక మళ్ళీ ఇస్తాడు, దాంతో మనిషి పోతాడు. దెబ్బలు తిన్నవాళ్ళు ఎక్కువై మోసేవాళ్ళు తక్కువైనప్పుడు అంకెలు వేయాలి. ఒకటి అంటే వెంటనే మోయాలి. రెండు అంటే కాసేపు ఆగగలడు. మూడు అంటే తనే నడిచి వస్తాడు. ఇవి కాక ఒక అడ్డగీత ఉండేది. గీత ఉన్నవాడి దగ్గర స్ట్రెచరు ఆగదు. చేతులు ఖాళీ అయ్యాక, అప్పటికి ఇంకా ప్రాణం ఉంటే, చూడాలి.

బావ ఆ గీత ఒక్కసారే గీశాడు. ఈ సంగతి మాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. ఇది తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

ఆ రోజు కూలిన పాడి కొట్టం ఒకటి వాళ్ళకు ఆసుపత్రి. విమానంలో బావ పక్కన కూర్చుని, దూకేముందు బావ సంచి పట్టీ బిగించిన రేడియో అతను అక్కడ గోడ వారగా పడి ఉన్నాడు. బావ చూశాడు. ఇక చేయడానికేమీ లేదని చేతికి తెలిసిపోయింది. పెన్సిల్ తడిచేసి గీత గీశాడు. అతనికి తెలివి ఉంది. కళ్ళు పైకెత్తి, "నా మొహాన ఏం రాశావు?" అని అడిగాడు.

"ముందు నిన్నే తీసుకెళ్ళమని" అన్నాడు బావ.

అతను స్థిమితపడి కళ్ళు మూసుకున్నాడు. బావ పక్కవాడి దగ్గరికి వెళ్ళాడు. పనయ్యాక తిరిగి వచ్చేసరికి దళాన్ని కదలమన్నారు, కొట్టం ఖాళీ. అతను పోయాడో, ఎవరైనా మోసుకెళ్ళారో, ఎంతసేపు ఎదురుచూశాడో ఎవరూ చెప్పలేకపోయారు.

యుద్ధం అయ్యాక బావ తాళ్ళ ఫ్యాక్టరీ వెనక వీధిలో కాపురం పెట్టాడు. ఫ్యాక్టరీలో తూకం దగ్గర ఉద్యోగం. ఇంటి ముందుగదిని మాత్రం వీధికి వదిలేశాడు. అందులో ఒక బల్ల, మరిగించిన గుడ్డల డబ్బా, వెడల్పాటి బెంచీ ఉండేవి. తలుపుకి గడియ ఉండేది గాని అది పడగా నేను చూడలేదు. వేలు తెగినవాళ్ళు, కాలు మడతపడినవాళ్ళు, పిల్లాడి ముక్కులో శెనగగింజ ఇరికిందని ఏడుస్తూ వచ్చేవాళ్ళు, ఏమీ లేకపోయినా ఊసుపోక కూర్చునేవాళ్ళు. సెలవు రోజుల్లో ముసలివాళ్ళను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళి, వాళ్ళకు బదులు వరుసలో నిలబడేవాడు. మురుక్కాలువ పూడిపోతే ప్యాంటు మడిచి ముందు తను దిగేవాడు. చూస్తూ నిలబడడానికి సిగ్గేసి మిగతావాళ్ళు దిగేవాళ్ళు.

పెన్సిల్ అలవాటు మాత్రం పోలేదు. జ్వరం బిళ్ళ వేస్తే, వేసిన వేళ ఎంతో పిల్లల నుదుట రాసేవాడు, అమ్మ వేసిందని తెలియక నానమ్మ ఇంకొకటి వేయకుండా. మా వీధి పిల్లలు ఆ ఊదా అంకెలతోనే బడికి వెళ్ళేవాళ్ళు. గదిలో జనం ఎక్కువైతే అంకెలు వేసేవాడు. గోడలకు రంగులేసే అతనికి ఒకసారి రెండు వేస్తే, "నాకంటే ముందు వాడా? వాడికున్నది ఆవగింజంత గాయం! నా రక్తం రక్తం కాదా?" అని పెద్ద గొడవ చేశాడు. ఆ గొడవలో రక్తం దానంతటదే ఆగిపోయింది.

బావకు 'బ్రహ్మగారు' అని పేరు పెట్టింది ఇస్త్రీ పిన్ని. ఫ్యాక్టరీ గోదాము గోడకు ఆనించి కట్టిన రేకుల కొట్టులో ఆమె బట్టలు ఇస్త్రీ చేసేది. ఆమె ఇస్త్రీ పెట్టె కంటే నోరు వేడి అని వీధిలో అనుకునేవాళ్ళు, ఆమెకు వినపడకుండా. ఒకరోజు చెయ్యి కాలి వస్తే బావ నుదుట ఒకటి వేసి మందు రాశాడు. ఆమె ఆ ఒకటితో నేరుగా కుళాయి దగ్గరికి వెళ్ళి, బిందెల వరుసంతా దాటి అందరికంటే ముందు నిలబడింది.

"ఇదేం న్యాయం?" అన్నారు వెనకవాళ్ళు.

"నుదుట రాసిపెట్టి ఉండాలమ్మా! మీకు లేకపోతే నేనేం చేసేది? వెళ్ళి బ్రహ్మగారిని అడగండి."

మర్నాడు గదిలో ఏ రోగమూ లేని ఆడవాళ్ళు బారులు తీరారు. అక్క నవ్వలేక పొట్ట పట్టుకుంది. బావ మాత్రం గంభీరంగా అందరి నుదుటి మీదా మూడు వేసి పంపించాడు.

ఒక్కటి మాత్రం నాకు వింతగా ఉండేది. బావ ఆ పెన్సిల్‌తో గీత గీసేవాడు కాదు. గోడకు బల్ల బిగించేటప్పుడు, "ఇక్కడ ఒక గీత పెట్టు బావా" అంటే రెండు చుక్కలు పెట్టేవాడు. "చుక్కలు చాల్లే. నీ కళ్ళే గీత గీసుకుంటాయి" అనేవాడు. చాదస్తం అనుకున్నాను.

ఒక ఏడు వాన విడవకుండా కురిసింది. తెరిపిచ్చిన రోజు, ఎండ వచ్చిందని అందరూ బట్టలు ఆరేసుకుంటున్న పొద్దున, గోదాము గోడ కూలింది. ముందు ఒక మూలుగులాంటి చప్పుడు, ఆ తర్వాత వీధంతా దుమ్ము. నేను పరిగెత్తేసరికి బావ అప్పటికే శిథిలాల మధ్య ఒక్కొక్కరి దగ్గరా మోకాళ్ళ మీద వంగుతూ, పెన్సిల్ నాలుకకు రాసుకుంటూ తిరుగుతున్నాడు. ఒకటి. మూడు. రెండు. ఒకటి. గొంతు పెంచలేదు. తను దాటివెళ్ళిన చోటల్లా అరుపులు తగ్గడం నేను కళ్ళారా చూశాను.

ఇస్త్రీ పిన్ని రేకుల కింద ఉంది. నడుము నుంచి కిందికి దూలం. బావ ఆమె కొట్లోని దుప్పటి చింపి, చెయ్యి పట్టినంత లోపలికి దూర్చి తొడ బిగించి కట్టాడు. నాడి పట్టుకుని చాలాసేపు ఉన్నాడు. తరువాత పెన్సిల్ తీశాడు. మళ్ళీ జేబులో పెట్టేశాడు.

అంబులెన్సుతో డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, కానీ చాలా చురుకు. దూలాలెత్తే జాకీ ఒక్కటే ఉంది. ఎవరి దగ్గరికి ముందు తీసుకెళ్ళాలో పనివాళ్ళు నుదుళ్ళు చూసి తెలుసుకుంటున్నారు. ఆమె వంగి పిన్నిని చూసి, లేచి, గొంతు తగ్గించింది.

"ఈవిడకు ఏమీ రాయలేదేం?"

"రాయలేదు."

"ఏం రాయాలో మీకు తెలుసు కదండీ."

"తెలుసు."

"మీరు రాయలేకపోతే పెన్సిల్ ఇలా ఇవ్వండి. నేను రాస్తాను. లేకపోతే వీళ్ళు జాకీ ఇక్కడ పెడతారు, అవతల ఇద్దరు పోతారు."

బావ తన కుడి అరచెయ్యి పిన్ని నుదుటి మీద పరిచాడు. కనుబొమల నుంచి జుట్టు దాకా నుదురంతా కప్పేశాడు.

"చోటు లేదు డాక్టరమ్మా" అన్నాడు. "మీరు చెప్పింది సరైనదే. జాకీ అటే తీసుకెళ్ళండి. వీళ్ళకు నేను చెప్తాను. నేను మాత్రం ఇక్కడే ఉంటాను."

"ఆ పై గోడ ఇంకా కదులుతోంది, చూడండి."

"చూశాను."

ఆమె ఒక్క క్షణం నిలబడి, అవతలి ఇద్దరి వైపు పరిగెత్తింది. అదే ఆమె చేయాల్సిన పని. బావ ఆ తర్వాత ఎప్పుడూ ఆమెను ఒక్క మాట అనలేదు, ఎవరినీ అననివ్వలేదు.

పై అంతస్తు సగం గోడ పిన్ని కొట్టు మీదికి వంగి, ఇటుక తరువాత ఇటుక రాలుస్తోంది. నేను, "బావా, రా!" అని అరిచాను.

"నువ్వు వెనక్కి జరగరా. గోడ నీ మీదా పడితే మన ఇద్దరినీ తీయాల్సి వస్తుంది."

నేను జరిగాను, కానీ వినపడనంత దూరం పోలేదు. పిన్ని కళ్ళు తెరిచింది.

"నా మొహాన ఏం రాశారు బ్రహ్మగారూ?"

బావ ముఖం మారిపోయింది. ఆ మార్పు ఎందుకో ఆ వేళ నాకు తెలియదు.

"ఏమీ రాయలేదు" అన్నాడు. "చెయ్యి పెట్టాను."

"అబద్ధం. ఒకటి వేసుంటారు."

"వేయలేదు. నిన్ను ముందు తీసుకెళ్ళరు పిన్నీ. అందరూ అయ్యాక తీసుకెళ్తారు. అంతదాకా నేను లేవను."

ఇంత మాట ఎందుకన్నాడా అని నేను మనసులో బావను తిట్టుకుంటున్నాను. అప్పుడామె నీరసంగా, కానీ తన మామూలు ధోరణిలోనే, "కుళాయి దగ్గర ముందు నిలబెట్టి, ఇక్కడ వెనక్కి నెట్టావా? ఏం బ్రహ్మవయ్యా నువ్వు!" అంది.

"అలా తిట్టు. ఆపకు."

"తిట్టడానికి ఓపికుండద్దూ?"

"ఓపిక తిడితేనే వస్తుంది. నా చొక్కా కాలర్ కాల్చావు కిందటి నెల. ఆ సంగతి తేలలేదు."

"నేను కాల్చానా? పాత గోనెగుడ్డలాంటి చొక్కా తెచ్చిచ్చి, నేను కాల్చానా?"

అలా మొదలైంది. ఆమె తూలిపోతున్నప్పుడల్లా బావ ఏదో ఒక పాత తగాదా అందించేవాడు. ఆమె కళ్ళు తెరిచి జవాబు చెప్పేది. బావ అయిపోయాక, రంగులేసే అతన్ని, ఫ్యాక్టరీ మేనేజరును, చచ్చి ఏ లోకాన ఉన్నాడో తెలియని మొగుణ్ణి, అందరినీ దులిపేసింది. మధ్యలో ఒక ఇటుక పడి బావ భుజం చీరుకుపోయింది. తను ఆ వైపు తిరిగి చూడలేదు. పిన్ని నుదుటి మీది చెయ్యి కదలలేదు. పొద్దున మొదలైన ఆ మాటలు ఎండ నడినెత్తికి వచ్చి అవతలికి వాలేదాకా సాగాయి. విమానంలోంచి దూకడం గొప్ప అని చిన్నప్పటి నుంచీ అనుకున్నాను. దూకడంలో వెనక ఒకడు తోస్తాడు. ఇక్కడ బావ వెనక ఎవరూ లేరు. లేచి వస్తే తప్పుపట్టేవాళ్ళు కూడా లేరు. ఆమె బతుకుతుందన్న ఆశ కూడా తనకు లేదని తరువాత అక్కతో చెప్పాడు. అయినా కూర్చున్నాడు. మనిషి ఇంత పొడుగు ఉంటాడా అని, మోకాళ్ళ మీద వంగి ఉన్న బావను చూస్తూ అనుకున్నాను.

అవతలి ఇద్దరూ బయటపడ్డారు. జాకీ ఇటు వచ్చింది. డాక్టరమ్మ తనే దూలం కింద చెక్కలు పేర్చింది. పిన్నిని స్ట్రెచర్ మీదికి ఎక్కించేటప్పుడు కూడా బావ అరచెయ్యి ఆమె నుదుటి మీదే ఉంది. డాక్టరమ్మ నెమ్మదిగా, "ఇక తీయండి" అంది. బావ తీయబోయాడు. వేళ్ళు లేవలేదు. బిగుసుకుపోయాయి. నేను వెళ్ళి ఒక్కొక్క వేలూ పట్టుకుని విడదీశాను. చలికాలపు ఇనుములా ఉన్నాయి.

"అబ్బ, తీశారా" అంది పిన్ని. "కాస్త ఎండ తగలనివ్వండయ్యా మొహానికి."

బావ ఆ మాటకు నవ్వబోయి, నవ్వలేక, ఆ ఇటుకల మీదే కూలబడ్డాడు. అంబులెన్స్ మలుపు తిరిగేదాకా ఏడ్చాడు. బావ ఏడవడం చూడడం నాకు అదే మొదలు.

పిన్ని బతికింది. ఒక కాలు పోయింది. కట్టెకాలు పెట్టుకుని, కొత్త కొట్టులో ఎత్తు స్టూలు మీద కూర్చుని ఇంకా చాలా ఏళ్ళు ఇస్త్రీ చేసింది. ఆ సాయంత్రం అక్క బావ భుజానికి కట్టు కడుతుంటే, తను రేడియో అతని గురించి మొదటిసారి మాకు చెప్పాడు. ఎలా నవ్వేవాడో, పట్టీ ఎలా బిగించాడో, ఏ ఊరివాడో, చివరికి ఏమడిగాడో అంతా చెప్పాడు. కట్టు ఎప్పుడో పూర్తయింది. అయినా అక్క ఇంకా కడుతున్నట్టే చేతులు భుజం మీద ఉంచి, వింటూ కూర్చుంది.