మొదటి లడ్డూ కుక్కకు

మకడామియా కాయను మా వాకిట్లో తాండూరు బండ మీద పెట్టి రోకలితో కొట్టాను. బండ అంచు పగిలింది. కాయ చెక్కుచెదరలేదు. పప్పుల వ్యాపారం చేసే ఇంటికి కోడలినై పన్నెండేళ్లయినా ఇంత మొండి గింజను చూడలేదు. హైదరాబాద్‌లో కొన్న ప్యాకెట్లో తాళంచెవి లాంటి రేకుముక్క ఉంటే, దేనికో తెలియక పారేసిన ఘనత కూడా నాదే. చెత్తబుట్టలోంచి దాన్ని వెతికి తీసి, పెంకు మీది సన్నని గాటులో దూర్చి తిప్పితే టప్పున విచ్చుకుంది.

ఈ తంటా అంతా మా అత్తమ్మ కోసం. ఆమెకు గుండె జబ్బు. ఆ గింజలో మంచి కొవ్వు ఉంటుందని, గుండెకు మేలని చదివాను. దాని పుట్టిల్లు ఆస్ట్రేలియా అడవులట, అక్కడి ఆదివాసులు తరతరాలుగా తింటున్నారట. నోట్లో వేసుకుంటే వెన్నలా ఉంది. బయట దేశాల్లో బిస్కెట్లలో, చాక్లెట్లలో వేస్తారు. నాకు వచ్చింది లడ్డూ. దోరగా వేయించి, ఖర్జూరంతో దంచి చుట్టాను.

మా ఇంట్లో కొత్తగా ఏది వండినా మొదటి ముద్ద కుక్కకే. అది అత్తమ్మ పెట్టిన ఆచారం. మూగజీవికి పెట్టి తింటే పుణ్యమంటుంది. నేను కాపురానికి వచ్చిన ఏడు మా వాకిలి చేరిన కుక్క అది, ఇప్పుడు ముసలిదైంది. అత్తమ్మ దానికి రెండు లడ్డూలు పెట్టి, తను మాత్రం తర్వాత తింటానంది.

సాయంత్రం కుక్క లేవబోయి కూలబడింది. వెనక కాళ్లు ఈడ్చుకుంటూ వణికిపోతోంది. కారులో వేసుకుని వికారాబాద్‌లో పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. ఏం తిన్నదని అడిగితే, మకడామియా అనే ఆస్ట్రేలియా గింజ అని కాస్త గొప్పగానే చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది. మనకు బలమిచ్చే ఆ గింజ కుక్కకు విషమట! చాలా కుక్కలు రెండు రోజుల్లో తేరుకుంటాయని, ఇది ముసలిది కాబట్టి చెప్పలేనని అంటూ సూది వేశాడు. అంత చదివినదాన్ని ఆ ఒక్క ముక్క చదవలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

తిరుగుదారిలో అత్తమ్మ కుక్క తలను ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూనే ఉంది. పుణ్యానికి పోతే పాపం ఎదురైందని, ఇందులో ఆమె తప్పేమీ లేదని ఓదార్చబోయాను.

"పుణ్యం లేదు, ఏం లేదు బిడ్డా," అంది. "నువ్వు చేసిన కొత్తది తినాల్నంటే నాకు భయం. దీనికి పెట్టి, ఏం కాకుంటేనే నేను తినేది."

ఓట్సు దోశ, నూడుల్స్, కేకు... పన్నెండేళ్లుగా నేను ప్రేమగా చేసినవన్నీ ముందు కుక్క మీద పరీక్షకు వెళ్లాయన్నమాట. ఒళ్లు మండింది. ఇల్లు చేరేదాకా ఆమె వైపు చూడలేదు.

మూడో రోజు పొద్దున కుక్క నాలుగు కాళ్ల మీద లేచి నిలబడింది. అత్తమ్మ దానికి జొన్నరొట్టె తుంచి పెట్టి, చేతులు కడుక్కుని వంటింట్లోకి వచ్చింది. లడ్డూల డబ్బా తనే దించి, ఒకటి తీసి, నా ఎదుటే కొరికింది.

"ఇగ నీ చేతిది మొదలు నేనే తింట."