బంధుత్వం గడిలో రాసిన మాట

ఆ రోజు బోనులో నిలబడి ఆవిడ "ఏమీ కారండి" అన్నది కేసు కోసమా, మనసులోంచా? ఈ ప్రశ్న పట్టుకుని నేను చాలా ఏళ్ళు తిరిగాను. ఎటు తిప్పి చూసినా జవాబు చిక్కలేదు. ఆ మాట ఎవరి గురించి అన్నదో ఆ మనిషికీ చిక్కినట్టు లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఆయన్ని అందరూ అంగుళం అనేవారు. పాత బట్టలు సరిచేసే దర్జీ. కొత్తవి కుట్టడు. పొడుగైన పాంట్లు తగ్గించడం, బిగుతైన నడుములు వదులు చేయడం, ఊడిన జిప్పులు మార్చడం, అంతే. ఎవరు ఏది తెచ్చినా కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, మనిషిని ఒకసారి ఎగాదిగా చూసి, "ఒక్క అంగుళం వదిలితే సరిపోతుంది" అనేవాడు. టేపు పెట్టి కొలిస్తే అంగుళమే తేలేది. ఇంట్లో భార్యకు కోపమొస్తే, "మా అంగుళానికి బట్టలో తేడా కనపడుతుంది గానీ బతుకులో గజం తేడా వచ్చినా కనపడదు" అనేది.

దుకాణం ఒకటిన్నర తలుపు వెడల్పు. గోడ పొడవునా ఇనప కడ్డీ, దాని మీద సరిచేసిన బట్టలు. ఒక్కోదానికి గుండుసూదితో గుచ్చిన చీటీ. సగం చీటీ సొంతదారు దగ్గర, సగం బట్ట మీద. ఎవరైనా ఏళ్ళ తరబడి రాకపోయినా కబురు పెట్టేవాడు కాదు. "ఇచ్చినవాడు మర్చిపోడు. వస్తాడు. మనం పిలిస్తే డబ్బుకోసం వెంటపడినట్టుంటుంది" అనేవాడు. ఒక బూడిదరంగు పాంటు ఆరేళ్ళుగా ఆ కడ్డీ మీదే ఉంది. ఏటా దాన్ని దులిపి మళ్ళీ అక్కడే వేలాడదీసేవాడు.

ఒక మంగళవారం పొద్దున షట్టరు సగం ఎత్తాడో లేదో, చంకలో ఫైలుతో ఒకాయన వంగి లోపలికొచ్చాడు. కుట్టుమిషను చూశాడు, ఇస్త్రీ బల్ల చూశాడు, కడ్డీ మీద బట్టలు వేలితో లెక్కపెట్టి కాగితం మీద రాసుకున్నాడు.

"ఏం సరిచేయాలి బాబూ?" అన్నాడు అంగుళం.

"నాది కాదు, నీదే సరిచేసుకోవాలి. కోర్టు అమీనాని. నీ మీద డిక్రీ ఉంది. నెల లోపు కట్టకపోతే మిషను, బల్ల, ఈ నూట నాలుగు బట్టలు, అన్నీ జప్తు."

"బట్టలు నావి కావు! జనానివి!"

"దుకాణంలో ఉన్నవి దుకాణంవాడివే అనుకుంటాం."

"అసలు డిక్రీ దేనికి?"

"ఓవర్‌లాక్ మిషను వాయిదాలు ఎగ్గొట్టావట. కంపెనీ కేసు వేసింది. నువ్వు రాలేదు. తీర్పయిపోయి ఏడాదిన్నరయింది."

"నన్ను పిలవనేలేదే!"

"పిలిచారు. పాత ఇంటి అడ్రసుకి, మూడుసార్లు."

"మరి ఇవాళ ఇక్కడికి ఎలా వచ్చారు?"

"నీ దుకాణం లైసెన్సు చూసి."

"అంటే, పిలవడానికి దొరకనివాణ్ణి, పట్టుకుపోవడానికి దొరికానా?"

అమీనా పెన్ను మూత పెట్టాడు. "చక్కగానే అడిగావు పెద్దాయనా. కానీ నేను జవాబు చెప్పేవాణ్ణి కాదు, రాసింది చదివేవాణ్ణి." వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, చొక్కా భుజం పట్టుకుని, "ఇది కొంచెం పట్టేస్తోంది" అన్నాడు.

"ఒక్క అంగుళం వదిలితే సరిపోతుంది" అన్నాడు అంగుళం, అలవాటు కొద్దీ.

బట్ట అంచుల పోగులు ఊడకుండా కుట్టే ఆ ఓవర్‌లాక్ మిషను సంగతి ఆయనకు గుర్తుంది. వాయిదాల మీద కొన్నమాట నిజం. మూడేళ్ళ కిందట ఊరికి ఆ చివర ఉన్న మేడగది ఖాళీ చేసి ఈ చివరికి వస్తున్నప్పుడు, ఇక వాయిదాలు కట్టలేక కంపెనీవాళ్ళకే అప్పగించేశాడు. తీసుకెళ్ళిన మనిషి ఒక కాగితం మీద గిలికి ఇచ్చి, "ఇంతటితో సరి, నువ్వెవరో మేమెవరో" అన్నాడు కూడా. ఇప్పుడేమో నువ్వెవరో మాకు బాగా తెలుసంటున్నారు. ఆ రాత్రి భార్యాభర్తలిద్దరూ గుండీల డబ్బాలు, దారపు ఉండల పెట్టెలు అన్నీ కుమ్మరించారు. ఆ కాగితం హుక్కుల డబ్బా అడుగున దొరికింది.

"ఇది దొరికిందిగా, ఇంకేం? రేపు తీసుకెళ్ళి చూపించెయ్" అంది భార్య.

"ఎవరికి?"

మర్నాడు ఇద్దరూ జిరాక్సు షాపు మేడ మీద ఉండే లాయరమ్మ దగ్గరికి వెళ్ళారు.

లాయరమ్మ వారం తిరక్కుండా కోర్టు ఫైలు నకలు తెప్పించింది. కాగితాలు తిప్పుతూ, "మీరు ఇల్లు మారాక పంపిన సమన్లు మీకు అందనట్టే. ఈ రసీదు కూడా ఉంది కాబట్టి తీర్పు కొట్టేయించొచ్చు, కేసు మళ్ళీ మొదటినుంచి నడుస్తుంది" అంది. అంగుళం ఊపిరి పీల్చుకున్నాడు. ఆవిడ ఇంకో కాగితం తిప్పి ఆగిపోయింది.

"మీకు అక్కగారున్నారా?"

"ఉంది."

"సొంత అక్కా?"

"సొంతమే."

"అంటే ఒక తల్లికి పుట్టారా?"

"లేదు."

"పెదనాన్న కూతురా, పిన్ని కూతురా?"

"కాదు."

"మరి?"

"అక్కండి" అన్నాడు అంగుళం, ఇంతకంటే ఎలా చెప్పాలో తెలియక.

భార్య కలగజేసుకుంది. "మేం అద్దెకున్న ఇంటావిడండీ. మేం పదకొండేళ్ళు మేడ మీద, ఆవిడ కింద. ఈయనకి జ్వరమొస్తే నాకంటే ముందు ఆవిడకే తెలిసేది."

లాయరమ్మ కాగితం వీళ్ళ వైపు తిప్పింది. గుండ్రటి దస్తూరీ. అందుకున్నవారి సంతకం. దాని పక్కన, బంధుత్వం అన్న గడిలో: అక్క.

"ఇంట్లో ఉండే సొంతవాళ్ళు అందుకుంటే మీరు అందుకున్నట్టే లెక్క. కంపెనీవాళ్ళు దీన్నే పట్టుకుంటారు. ఆవిడ వచ్చి, నేను ఈయనకి ఏమీ కాను, ఈయన అప్పటికే ఇల్లు వదిలేశారు, ఆ కవర్లు ఈయనకి ఇవ్వలేదు అని ప్రమాణం చేసి చెప్పాలి. అప్పుడే మీ కుట్టుమిషను దక్కుతుంది."

"ఏమీ కానని చెప్పాలా?"

"నిజమేగా?"

అంగుళానికి అది నిజమో కాదో తేలలేదు. కాదనడానికి కాగితం లేదు. అవుననడానికి నోరు రాలేదు.

అక్క వద్దకు వెళ్ళడానికి ఇంకో చిక్కు కూడా ఉంది. ఇల్లు మారిన రోజు సామాను బండి కదులుతుంటే, "ఆదివారం వస్తాలే, వెళ్ళొస్తానక్కా" అన్నాడు. ఆ ఆదివారం పని పడింది. పై ఆదివారం ఒళ్ళు బాగోలేదు. ఆ తరవాత, ఇన్నాళ్ళూ వెళ్ళనందుకు ఏం చెప్పాలో తోచక వెళ్ళలేదు. రోజులు గడిచేకొద్దీ దారి పొడుగవుతుంది కదా. పైగా ఆవిడ గోధుమరంగు కోటు ఒకటి ఆయన దగ్గరే ఉండిపోయింది. చంకల దగ్గర పట్టేస్తోందని ఇల్లు మారే వారం ముందు ఇచ్చింది. అంగుళం వదిలి, చీటీ గుచ్చి, కడ్డీ మీద పెట్టాడు. ఆవిడ చీటీ పట్టుకుని రాలేదు. ఆయన కబురు పెట్టలేదు.

బస్సెక్కాక గుర్తొచ్చింది, కోటు తీసుకురావడం మర్చిపోయానని.

తలుపు తీసి అక్క, "ఏరా, ఆదివారం ఇవాళొచ్చిందా?" అంది. ఆ రోజు గురువారం.

ఆవిడ ఇరవై ఏడేళ్ళు ఒక పెద్ద ఆఫీసులో ఇన్‌వార్డు గుమాస్తా. వచ్చిన ప్రతి కవరుకూ నెంబరు వేసి, రిజిస్టరులో ఎక్కించి, సంతకం పెట్టి తీసుకోవడం ఆవిడ పని. తనది కాని కవరు చింపడం ఎరగదు. వచ్చిన కవరు వద్దనడమూ ఎరగదు. రిటైరయి చాలాకాలమైనా ఇంట్లో ఒక నోటుబుక్కు గళ్ళు గీసి పెట్టుకుంది. కరెంటు బిల్లు వచ్చినా అందులో ఎక్కాల్సిందే.

కొత్తవారికి కుర్చీ చూపించినట్టు చూపించి, లోపల్నుంచి మూడు కవర్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒక్కటీ చింపలేదు. మూడింటికీ మూలన చీటీలు, గుండుసూదులు, అచ్చం ఆయన దుకాణంలోలాగే.

"నాకు పంపించి ఉండొచ్చుగా అక్కా?"

"ఎక్కడికి? కొత్త ఇంటి అడ్రసు చెప్పి వెళ్ళావా? వెళ్ళొస్తానని వెళ్ళావు. వచ్చినప్పుడు ఇద్దామని పెట్టాను." కవర్ల అంచులు సరిచేస్తూ, "ఇచ్చినవాడు మర్చిపోడు, వస్తాడు అని నువ్వే అనేవాడివిగా" అంది.

అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని మొహంలోకి చూశాడు. కళ్ళజోడు అద్దాల్లో కిటికీ తప్ప ఇంకేం కనిపించలేదు. లాయరమ్మ రాసిచ్చిన ప్రమాణపత్రం తీసి చేతిలో పెట్టాడు. చెప్పాల్సింది దారిపొడుగునా నెమరేసుకుంటూ వచ్చాడు. ఇప్పుడు ఒక్క ముక్కా గుర్తురాలేదు.

"అది... మిషను పోతుందక్కా. జనం బట్టలు కూడా తీసుకుపోతారట. నువ్వేమో అక్క అని రాశావు, అందుకని..."

ఆవిడ మొత్తం చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. ఒకచోట తేదీ తప్పుంటే పెన్సిలుతో చుట్టింది. "సదరు వ్యక్తితో నాకు ఎట్టి బంధుత్వమూ లేదు" అన్న వాక్యం కింద వేలు పెట్టి, "ఇది ఎవరు రాశారు?" అంది.

"లాయరమ్మ."

"వాక్యం బాగానే కట్టింది" అని సంతకం పెట్టేసింది. తరవాత టీ ఇచ్చింది. పంచదార వేయడం మర్చిపోయింది. మర్చిపోయిందో, వేయలేదో. ఆయన అలాగే తాగేశాడు.

వాయిదా రోజున అంగుళం కోటును సంచిలో పెట్టుకుని కోర్టుకు వెళ్ళాడు. ఏ గదో తెలియదు. ఒకరు పైకి అన్నారు, పైకెళితే కిందకి అన్నారు. ఇద్దరు ముగ్గురు ఈయన్నే దారి అడిగారు. చివరికి లాయరమ్మ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి కూర్చోబెట్టింది. ముందు వేరే ఎవరి గొడవో నడుస్తోంది. అది తన కేసే అనుకుని చాలాసేపు తలూపుతూ విన్నాడు.

అక్క పేరు పిలిచారు. ఆవిడ చేతిలో నోటుబుక్కుతో బోనెక్కింది. వెనక నుంచి చూస్తుంటే ఆయన కన్ను ఊరుకోలేదు. ఆవిడ భుజాలు కిందికి దిగాయి, ఒళ్ళు తగ్గింది. మూడేళ్ళ కిందటి కొలతకు వదిలిన కోటు ఇప్పుడు వేలాడుతుంది. వదలకుండా ఉంచినా సరిపోయేది.

కంపెనీ లాయరు లేచాడు. "ఈయన మీకేమవుతారు?"

"ఏమీ కారండి."

అంగుళం తలెత్తాడు. పదకొండేళ్ళలో ఆవిడ నోట తన గురించి 'ఏరా' తప్ప వినలేదు. ఇప్పుడు ఇంకెవరి గురించో చెబుతున్నట్టుంది.

"మరి బంధుత్వం అన్నచోట అక్క అని ఎందుకు రాశారు?"

"గడి ఖాళీగా ఉంచకూడదండి."

వెనక బెంచీల మీద ఎవరో నవ్వారు. జడ్జిగారు నోటుబుక్కు అడిగి తీసుకున్నారు. కవరు నెంబరు, వచ్చిన తేదీ, ఎవరి దగ్గర్నుంచి, ఎవరికి. అన్ని గళ్ళూ నిండి ఉన్నాయి. మూడు కవర్ల ఎదురుగానూ 'ముట్టజెప్పిన తేదీ' అన్న గడి మాత్రం ఖాళీ.

"దీన్ని ఖాళీగా ఉంచారే?" అన్నారు జడ్జిగారు.

"రాలేదండి" అంది ఆవిడ. అంతే. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అద్దాలు మసకబారాయనో ఏమో.

ఇంకో గంటకు పాత తీర్పు కొట్టేశారు. లాయరమ్మ వసారాలోకి వచ్చి, "అయిపోయింది, జప్తు ఆగింది. మిషను మీదే, బట్టలూ మీ దగ్గరే" అంది.

"గెలిచామా అమ్మా?"

"గెలిచాం. కేసు మళ్ళీ మొదటికొచ్చింది. వచ్చే నెల మీ జవాబు దాఖలు చేయాలి. ఆ రసీదు జాగ్రత్త."

"అంటే అప్పు లేనట్టేనా?"

"అది ఇంకా తేలాలి. ఇవాళ తేలింది మీకు సంగతి తెలియలేదని."

"నాకు తెలియలేదని తేల్చడానికి ఇంతమంది కావాల్సొచ్చిందా!" అన్నాడు అంగుళం. లాయరమ్మ నవ్వుతూ ఇంకో కేసుకు పరిగెత్తింది.

వసారా చివర కిటికీ దగ్గర అక్క నిలబడి ఉంది. నోటుబుక్కు ఇప్పట్లో తిరిగివ్వరని, రికార్డులో ఉంటుందని లోపల్నుంచి కోర్టు గుమాస్తా చెబుతున్నాడు. "ఉంచుకోండి నాయనా. ఉంచుకున్నట్టు కాగితం ఇవ్వండి" అంటోంది ఆవిడ. పక్కనే బెంచీ మీద ఆవిడ గొడుగు, చేతిసంచి.

అంగుళం దగ్గరికి వెళ్ళి వెనకే నిలబడ్డాడు. పిలుద్దామని నోరు తెరిచాడు. ఏమని పిలవాలి? ఇందాకే ఈ గోడల మధ్య ఏమీ కాదని రాసుకున్నారు. సంతకాలయ్యాయి. అక్కా అంటే ఎవరైనా విని మళ్ళీ కేసు తిరగదోడతారా? లాయరమ్మను అడిగితే బాగుండేది. పోనీ ఏమీ అనకుండా నిలబడితే, ఆవిడే తిరిగి చూసి "ఏరా" అంటుందా? "ఏమండీ" అంటుందా? అదంటే తట్టుకోగలడా? కోటు వదులైపోతుందని చెప్పాలి. మళ్ళీ ఒక అంగుళం లోపలికి పట్టి కుట్టాలని చెప్పాలి. చెబితే ఎప్పుడిస్తావని అడుగుతుంది. ఆదివారం అంటాడు. ఆ మాట నోటిదాకా వచ్చి అక్కడే ఆగింది. వెళ్ళొస్తానని ఒకసారి అన్నందుకే ఆవిడ మూడేళ్ళు కవర్లకు సూదులు గుచ్చుకుంటూ కూర్చుంది.

సంచిలోంచి కోటు తీసి మడత సరిచేశాడు. చీటీ పైకి కనపడేలా తిప్పాడు. గొడుగు పక్కన బెంచీ మీద పెట్టాడు. గాలికి చీటీ రెపరెపలాడుతుంటే సూది ఇంకొంచెం లోపలికి గుచ్చాడు.

"తేదీ వేయలేదు బాబూ, తేదీ వేయండి" అంటోంది ఆవిడ, కిటికీలోకి వంగి.

అంగుళం ఖాళీ సంచి నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుని, ఎటు వైపు మెట్లు దిగాలో ఒక్క క్షణం తెలియక నిలబడి, జనం దిగుతున్న వైపు దిగి వెళ్ళిపోయాడు.