వదిన గిన్నికోళ్ళు

మొన్న సోమందేపల్లె దగ్గర బస్సు ఆగినప్పుడు, రోడ్డు పక్కన కాళ్ళు కట్టి పడేసిన గిన్నికోళ్ళు ఒక్కసారిగా అరిచాయి. పక్క సీటాయన చెవులు మూసుకున్నాడు. నేను దిగిపోయి, తరువాతి బస్సు దాకా అక్కడే నిలబడ్డాను.

మా చేని ఇంట్లో వాటిని పెంచింది మా వదిన. వేరుశనగ వరసగా ఎండిపోయాక, తక్కువ నీళ్ళతో బతికే పక్షులని ఎవరో చెబితే తెచ్చింది. బూడిదరంగు ఒళ్ళంతా తెల్లచుక్కలు, బోడి తల. వాటి గుడ్లను నాటుకోడి కింద పొదిగించేది. పిల్లలు పెరిగి వేపకొమ్మ ఎక్కి కూర్చుంటే, నాటుకోడి కింద తిరుగుతూ పిలిచేది. వదిన పని మానుకుని దానికి నచ్చజెప్పేది. పెద్ద పెట్టలు కంపపొదల్లో దాచి గుడ్లు పెడతాయి. చెయ్యి తగిలితే ఆ చోటు మానేస్తాయని, పొడుగు గరిటెతో తీసి, రెండు మూడు అక్కడే వదిలేసేది. కొత్త మనిషి వచ్చినా, కుక్క నడిచినా, గాలికి సంచి ఎగిరినా అన్నీ కలిసి అరిచేవి. బడి ఉద్యోగం ముగించి అన్నావదినలతోనే ఉంటున్న నాకు చదువు సాగేది కాదు. ఆ మాటే అంటే వదిన నవ్వింది. “ఏమప్పా, నీ పుస్తకం గుడ్డు పెడతాదా? పెట్టేవాటిని అరవనీ.”

ఆ మధ్యాహ్నం అన్న తాడిపత్రిలో ఉన్నాడు. చేను చివర కోళ్ళు అరవడం మొదలుపెట్టాయి. మామూలే అనుకున్నాను. ఎంతకీ ఆపకపోతే విసుక్కుని కిటికీ మూసి, అధ్యాయం పూర్తి చేశాను. గంట పట్టింది. బయటికి వెళ్ళేసరికి అవి ఒక కంపపొద చుట్టూ నిలబడి ఇంకా అరుస్తున్నాయి. పొద పక్కన వదిన కూలబడి ఉంది. మడమ మీద పాము కాటు. అప్పటికే మాట లేదు. పిలిచే ఉంటుంది. కాస్త ముందు తెచ్చి ఉంటే బతికేదని ఆసుపత్రిలో అన్నారు.

సాయంత్రం అన్న వచ్చాడు.

“కోళ్ళు అరవలేదారా?”

“అరిచినాయన్నా.”

“ఎంతసేపు?”

“కొంచేపే. ఇనపడతానే పోయినా.”

అన్న నమ్మాడు. సమయానికి అరవని కోళ్ళెందుకని, నెల తిరక్కుండానే అన్నింటినీ కోతకు అమ్మేశాడు. నేను అడ్డు చెప్పలేదు. ఇప్పటికీ ఇంటికొచ్చినవాళ్ళకు, మావాడు వినపడగానే పరిగెత్తాడని నా ముందే చెబుతాడు. కాలం అన్నీ తగ్గిస్తుందంటారు. ఆ గంటలో ఒక్క నిమిషం కూడా తగ్గించలేదు.