బల్ల మీద వదిలిన పుస్తకాలు

మిరపకాయలు కల్లాల్లో ఆరబోసే రోజుల్లో మా గ్రంథాలయం కిటికీ తెరిస్తే చాలు, ఘాటు గొంతుకు పట్టేస్తుంది. ఈ ఉదయం దగ్గుతూ కిటికీ మూస్తుంటే సువార్త మేడం గుర్తొచ్చారు. పర్చూరు దగ్గరున్న ఈ ఊళ్లో నేను సహాయకుడిగా చేరినప్పుడు ఆవిడే గ్రంథపాలకురాలు. గ్రంథాలయం నడపడం నాకు నేర్పింది ఆవిడే, కాదనను. ఎలా నేర్పారో కూడా మరచిపోను.

చేరిన వారమే, పాఠకులు బల్లల మీద వదిలిన పుస్తకాలన్నీ అరల్లో సర్ది, బల్లలు తుడిచాను. మెచ్చుకుంటారనుకున్నాను. పదిమంది చదువుకుంటుండగా ఆవిడ గొంతు లేచింది.

"ఏమయ్యా వెంకటేశ్వర్లూ, ఇదేమన్నా హోటలా, ఎంగిలి విస్తళ్లు ఎత్తినట్టు ఎత్తేశావు? ఏ పుస్తకం చదివారో ఇప్పుడు నాకెవరు చెబుతారు?"

"శుభ్రంగా ఉంటుందని, మేడం..."

"ఆ శుభ్రం మీ ఇంట్లో చూపించు. ఇక్కడ ముందు రాయి, తర్వాత సర్దు."

ఇంటికి తీసుకెళ్లే పుస్తకాలకు రిజిస్టరుంది. ఇక్కడే చదివి వెళ్లేవాళ్లకు బల్ల మీద మిగిలిన పుస్తకమే సాక్ష్యం. మాట నిజమే. చాటుకు పిలిచి చెప్పొచ్చుగా? అందరూ నవ్వారు. ఆ పంతంతో సాయంత్రాలు బల్లల మీది పుస్తకాల లెక్క నోటుబుక్కులో రాయడం మానేశాను. ఐదింటికి ఆవిడ బస్సెక్కాక ఎనిమిది దాకా నేనే. కల్లాల్లో తాలుకాయలు ఏరే గ్రేడింగు పని ముగించుకుని ఆడకూలీలు అప్పుడే వచ్చేవారు. చేతుల నిండా కారం, వచ్చినవాళ్లు పెట్టే సంతకాల పుస్తకం జోలికి పోయేవారు కాదు. కథల పుస్తకాలు మాత్రం ఒళ్లో గుడ్డ పరుచుకుని చదివేవారు.

మేడం లెక్కలు చూసే నెలాఖరుకు ముందే తనిఖీకి అధికారి వచ్చాడు.

"సాయంత్రాలు ఎవరూ రావట్లేదుగా. ఐదింటికే మూసేయండి."

"చాలామంది వస్తారండీ, ఆడవాళ్లు" అన్నారు మేడం.

"అయితే లెక్క చూపించండి."

ఆవిడ నా వైపు చేయి చాచారు. నోటుబుక్కు ఇచ్చాను. ఖాళీ పేజీలు రెండు తిప్పి మూసేశారు. "రాయించవలసింది నేనండీ. తప్పు నాది."

అతను వెళ్లాక, "నా పేరెందుకు చెప్పలేదు?" అని నిలదీశాను.

"నీ చేత పని చేయించలేకపోయింది నేనేగా" అన్నారు, నా మొహం చూడకుండా.

తిట్టిన రోజుకన్నా ఆ రోజే నాకు ఎక్కువ మండింది. తిట్టడానికి పదిమందిలో కనిపించిన నేను, తప్పు దగ్గర మనిషినే కాకుండా పోయాను. ఆవిడ వీడ్కోలు సభకు కూడా నేను వెళ్లలేదు.

ఇప్పుడు ఆవిడ కుర్చీలో నేనున్నాను. ముందు రాసి, తర్వాతే సర్దుతాను. ఆ తనిఖీతో రద్దయిన సాయంత్రపు వేళలు మాత్రం తిరిగి తెప్పించలేకపోయాను. ఎన్ని అర్జీలు పెట్టినా పాత లెక్క అడుగుతారు. నిన్న ఐదింటికి తలుపు మూస్తుంటే, గ్రేడింగు నుంచి వస్తున్న ఒకామె ఆగింది.

"అప్పుడే తాళమేస్తన్నారేంది సారూ? మా బోటోళ్లు ఎప్పుడు రావాల?"

"పైవాళ్ల ఉత్తర్వమ్మా" అన్నాను.

తప్పు నాదని ఇంతవరకు ఒక్కరికీ చెప్పలేదు.